ప్రకటనలో చివరి పంక్తి: కంప్యూటర్ కొనేవారికి దగ్గరి డీలర్ ఎలా కనిపించాలి

కంప్యూటర్ ప్రకటన ఏది తీసుకున్నా పేజీ దాదాపు మొత్తం యంత్రానికే పోతుంది. తెర ఎంత పలుచన, ప్రాసెసర్ ఎంత వేగం, బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుంది, అన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. అది ఎక్కడ దొరుకుతుందన్న సంగతి మాత్రం పేజీ అడుగున, వేలెడంత జాగాలో, కళ్లు చికిలించి చదవాల్సిన అక్షరాల్లో ఉంటుంది. కొన్నిటిలో అదీ ఉండదు, కంపెనీ వెబ్‌సైటు పేరు ఇచ్చి సరిపెడతారు. చదివిన మనిషికి యంత్రం నచ్చింది, డబ్బు సమకూరింది, కొనాలన్న నిశ్చయమూ కుదిరింది. ఇక మిగిలింది ఒక్క ప్రశ్న: ఎక్కడికి వెళ్లాలి? అంత ఖర్చు పెట్టిన ప్రకటన ఆ మనిషిని ఇక్కడిదాకా నడిపించుకొచ్చి, సరిగ్గా ఇక్కడే చెయ్యి వదిలేస్తుంది.

దీన్ని నిర్లక్ష్యం అనుకుంటే పొరపాటు. దీని వెనుక ఒక లెక్క ఉంది. తయారీ సంస్థకు తన యంత్రం అమ్ముడుపోతే చాలు, ఏ దుకాణం నుంచి పోయిందన్నది పెద్ద విషయం కాదు. డీలర్‌కు తన దుకాణంలో ఏదో ఒక యంత్రం అమ్ముడుపోతే చాలు, దాని మీద ఎవరి పేరు ఉందన్నది తర్వాతి సంగతి. అందువల్ల తయారీదారు డబ్బు యంత్రాన్ని పరిచయం చేయడానికి, డీలర్ డబ్బు దుకాణాన్ని పరిచయం చేయడానికి ఖర్చవుతాయి. ‘ఈ యంత్రం, ఈ దుకాణంలో, ఈ రోజు ఉంది’ అనే వాక్యం ఇద్దరికీ చెందినది. ఇద్దరికీ చెందినది కాబట్టే ఎవరికి వారు అది అవతలివారి పని అనుకుంటారు. కొనేవారికి కావలసినది మాత్రం అచ్చంగా ఆ వాక్యమే.

ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1961లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, సరుకు ఎవరి దగ్గర ఏ ధరకు దొరుకుతుందో తెలుసుకోవడానికి కొనుగోలుదారు పడే శ్రమను కూడా ఒక ఖర్చుగానే లెక్కించాలని చూపించారు. ప్రకటన ఆ ఖర్చును తగ్గించే సాధనం. 1970లో ఫిలిప్ నెల్సన్ మరో మెట్టు పైకి వెళ్లి సరుకులను రెండు రకాలుగా విడదీశారు: కొనకముందే పరిశీలించి మంచిచెడ్డలు తేల్చుకోగలిగినవి, వాడి చూస్తే తప్ప తెలియనివి. కంప్యూటర్ ఈ రెండు రకాల్లోనూ కాలు పెట్టిన వస్తువు. మెమరీ ఎంత, స్టోరేజీ ఎంత అన్నది కాగితం మీదే తెలిసిపోతుంది. కీబోర్డు వేళ్లకు ఎలా తగులుతుంది, పగటి వెలుతురులో తెర కనిపిస్తుందా, ఫ్యాను ఎంత చప్పుడు చేస్తుంది అన్నవి ముట్టుకుని చూస్తేనే తెలుస్తాయి. ఏడాది తర్వాత యంత్రం మొరాయిస్తే దుకాణంవారు ఎలా ప్రవర్తిస్తారన్నది అప్పటిదాకా తెలియనే తెలియదు.

అందుకే దగ్గరితనం ఇక్కడ అంత ముఖ్యమవుతుంది. పుస్తకం కొన్న మనిషికి దుకాణంతో పని అక్కడితో తీరిపోతుంది. కంప్యూటర్ విషయంలో అలా కాదు. పాత యంత్రంలోని ఫొటోలు, లెక్కలు కొత్తదానిలోకి మార్చాలి. ప్రింటర్ కలపాలి. రెండేళ్లకు మెమరీ పెంచాలి. ల్యాప్‌టాప్ కీలు విరగవచ్చు, ఛార్జర్ కాలిపోవచ్చు. డెస్క్‌టాప్ అయితే ఆ బరువైన పెట్టెను మోసుకెళ్లాలి. కొనే రోజు ఒక్కసారి ఎంత దూరమైనా వెళ్లి రావచ్చు, మరమ్మతుకు మూడుసార్లు తిరగాల్సి వచ్చినప్పుడే ఆ దూరం భారమవుతుంది. దగ్గరి డీలర్‌ను చూపించే ప్రకటనలు చాలావరకు కొనుగోలు సౌకర్యం గురించే మాట్లాడతాయి, ఆ తర్వాతి నాలుగైదేళ్ల గురించి ఒక్క ముక్క చెప్పవు. దగ్గరితనానికి ఉన్న అసలు విలువను అవి వాడుకోవడమే లేదు.

దుకాణమే లేని రోజుల నుంచి

వ్యక్తిగత కంప్యూటర్ మొదట పుట్టినప్పుడు డీలర్ అనే మాటకు తావు లేదు. 1975 జనవరి నాటి ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖచిత్రం మీద ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ కనిపించింది. కావలసినవారు తయారీ సంస్థకు డబ్బు పంపాలి, నెలల తరబడి ఎదురుచూడాలి, ఆ తర్వాత విడిభాగాలతో వచ్చిన పెట్టెను విప్పి సోల్డరింగ్ చేసుకుని బిగించుకోవాలి. అది ఔత్సాహికుల లోకం. కొనేవాడే మెకానిక్ కాబట్టి దగ్గరి దుకాణం లేకపోయినా నడిచిపోయింది. అదే ఏడాది లాస్ ఏంజెలెస్‌లో డిక్ హైజర్ ఒక కంప్యూటర్ దుకాణం తెరిచారు. వ్యక్తిగత కంప్యూటర్లు అమ్మిన తొలి చిల్లర దుకాణంగా చరిత్రలో దానికి పేరుంది. బిగించుకోవడం చేతకానివారు కూడా యంత్రం కొనవచ్చన్న ఊహ అక్కడ మొదలైంది.

1976లో జరిగిన ఒక బేరం ఈ విషయాన్ని మరింత స్పష్టం చేస్తుంది. కాలిఫోర్నియాలో ‘బైట్ షాప్’ నడిపే పాల్ టెరెల్ కొత్తగా మొదలైన ఆపిల్ నుంచి ఒక్కొక్కటి 500 డాలర్ల చొప్పున 50 యంత్రాలు కొనడానికి ఒప్పుకున్నారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: విడిభాగాలుగా కాదు, సర్క్యూట్ బోర్డులు పూర్తిగా బిగించి ఇవ్వాలి. వినడానికి చిన్న షరతే. కానీ దుకాణానికి ఎవరు వస్తారో, వారికి ఏమి కావాలో ఆ యంత్రం తయారుచేసినవారి కంటే దుకాణదారుకే బాగా తెలుసన్నది అందులో బయటపడింది. డీలర్‌ను సరుకు దాటిపోయే గుమ్మంలా చూసే అలవాటు తయారీ సంస్థల్లో ఈనాటికీ పోలేదు. ఆ గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషికే కొనేవారి భాష తెలుసు. ప్రకటన రాసేటప్పుడు ఆ మనిషిని అడగకపోవడం పెద్ద నష్టం.

1976లోనే విలియం మిలార్డ్ ‘కంప్యూటర్‌ల్యాండ్’ స్థాపించి ఫ్రాంచైజీ పద్ధతిలో దుకాణాలను విస్తరించారు. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను ప్రకటించినప్పుడు దాన్ని అమ్మే బాధ్యతను సొంత సేల్స్ సిబ్బందికే పరిమితం చేయలేదు. కంప్యూటర్‌ల్యాండ్ దుకాణాలకు, చిల్లర దుకాణాల సంస్థ సియర్స్ తెరిచిన వ్యాపార కేంద్రాలకు కూడా అప్పగించింది. పెద్ద సంస్థలకు పెద్ద యంత్రాలు అమ్మడానికి అలవాటుపడిన కంపెనీకి అది పెద్ద మలుపు. ఒక్క యంత్రం కొనే మనిషి ఇంటికి సేల్స్ ప్రతినిధిని పంపితే గిట్టుబాటు కాదు. ఆ మనిషే నడిచి రావాలి. నడిచి రావాలంటే దారి తెలియాలి.

ఆ దారి చూపడానికి అప్పటి పత్రికలు కనిపెట్టిన పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. అమెరికాలోని సాంకేతిక పత్రికల్లో వెనుకవైపు ఒక కార్డు కుట్టి ఉండేది. ప్రతి ప్రకటన కింద ఒక అంకె ఉండేది. పాఠకుడు తనకు నచ్చిన ప్రకటనల అంకెల చుట్టూ సున్నా చుట్టి, తన చిరునామా రాసి కార్డును పోస్టు చేసేవాడు. పత్రికవారు ఆ వివరాలను ప్రకటనకర్తలకు చేరవేసేవారు. కొన్ని వారాలకు పాఠకుడి ఇంటికి కరపత్రాలు, వాటితోపాటు డీలర్ల జాబితా వచ్చేవి. నిదానమైన పద్ధతే. కానీ అందులో ఒక గుణం ఉంది: ఆ మనిషి ఎక్కడ ఉంటాడో, అతనికి ఏది కావాలో రెండూ అతనే తన చేత్తో రాసి ఇచ్చేవాడు. ఊహించాల్సిన పని లేదు.

ఆ పద్ధతి దెబ్బతిన్నది మధ్యలో చేతులు మారే చోట. కార్డు పత్రికకు, అక్కడి నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి పంపిణీదారుకు, ఆయన నుంచి డీలర్‌కు చేరేసరికి కొనాలన్న వేడి చల్లారిపోయేది. ఫోను చేసిన డీలర్‌కు ‘పోయిన నెలలోనే కొనేశాం’ అన్న జవాబు వచ్చేది. ఇప్పుడు అన్నీ క్షణాల్లో జరుగుతాయి కదా అనిపించవచ్చు. ప్రకటనలో ‘మీ వివరాలు ఇవ్వండి, మా డీలర్ మిమ్మల్ని సంప్రదిస్తారు’ అన్న ఫారం నింపినవారి అనుభవం వేరేగా ఉంటుంది. వివరాలు క్షణంలో కంపెనీకి వెళతాయి, అక్కడి నుంచి డీలర్ చేతికి చేరడానికి మళ్లీ రోజులు పడుతుంది. కొన్నిసార్లు చేరనే చేరవు. తీగల వేగం పెరిగినా, చేతులు మారే చోట జాప్యం అలాగే మిగిలింది.

ఉచిత టెలిఫోన్ నంబర్ దీనికి కొంత మేలైన జవాబు. అమెరికాలో పిలిచినవారికి ఖర్చు పడని 800 నంబర్ల సేవ 1967లో మొదలైంది. 1980 ప్రాంతానికి కంప్యూటర్ ప్రకటనల అడుగున ‘మీకు దగ్గరలోని డీలర్ కోసం ఈ నంబర్‌కు ఫోను చేయండి’ అన్న పంక్తి మామూలైపోయింది. ఫోను ఎత్తిన ఉద్యోగి పిన్‌కోడ్ అడిగి, ముందున్న జాబితా చూసి రెండు మూడు పేర్లు చదివేవారు. ఆ సంభాషణలో ఇప్పటి వెబ్‌సైట్లలోని పెట్టెకు లేని ఒక సుగుణం ఉంది. ‘కొనడానికా, మరమ్మతుకా?’ అని ఆ ఉద్యోగి అడగగలరు. ‘ఆ దుకాణం ఆదివారం మూసి ఉంటుంది, ఇంకోటి చెబుతాను’ అనగలరు. పెట్టెలో పిన్‌కోడ్ కొడితే వచ్చే మ్యాపు మీది ఎర్ర చుక్కలు ఆ తేడా చెప్పవు. యంత్రాలు అమ్మే దుకాణం, మరమ్మతు మాత్రమే చేసే సర్వీస్ సెంటర్, విడిభాగాలు దొరికే చోటు, అన్నీ ఒకే రంగు చుక్కలు.

డీలర్ అవసరమే లేదన్న వాదన కూడా బలంగానే వచ్చింది. 1984లో మైకేల్ డెల్ మొదలుపెట్టిన సంస్థ ఫోను మీద ఆర్డర్ తీసుకుని నేరుగా ఇంటికి పంపే పద్ధతితో ఎదిగింది. 1996 నుంచి ఇంటర్నెట్‌లోనూ అమ్మింది. మధ్యలో డీలర్ లేకపోవడమే దాని గొప్పగా చాలాకాలం చెప్పుకున్నారు. అదే సంస్థ 2007లో వాల్‌మార్ట్ దుకాణాల్లో తన కంప్యూటర్లు పెట్టింది. ఇంట్లో వాడుకోవడానికి కొనేవారు చూసి, ముట్టుకుని కొనాలనుకుంటున్నారని ఒప్పుకోవడమే అది. నేరుగా అమ్మే మరో సంస్థ గేట్‌వే 1996 నుంచి సొంత దుకాణాలు తెరిచి, 2004లో మిగిలిన 188 దుకాణాలనూ మూసేసింది. ఆపిల్ 2001 మే 19న తన తొలి రెండు దుకాణాలు తెరిచి నిలదొక్కుకుంది. వీటన్నిటి నుంచి ఒకే పాఠం తీయడం కష్టం. దుకాణం ఉంటే గెలుపు, లేకపోతే ఓటమి అని చెప్పలేం. ఒకటి మాత్రం కనిపిస్తుంది: ఇంటర్నెట్ వచ్చాక కూడా కొనేవారు నడిచి వెళ్లగలిగే ఒక చోటు కోసం వెతకడం మానలేదు.

‘దగ్గర’ అంటే ఎంత?

ఈ మాటను ప్రకటనలు చాలా తేలికగా వాడతాయి. 1931లో విలియం రైలీ ఒక సూత్రం ప్రతిపాదించారు: రెండు పట్టణాల మధ్య ఉన్న ఊరివారిని ఒక్కో పట్టణం ఎంత ఆకర్షిస్తుందన్నది దాని జనాభాకు అనులోమంగా, దూరం వర్గానికి విలోమంగా ఉంటుందని. న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రాన్ని అంగడికి తెచ్చినట్టుంటుంది. 1960లలో డేవిడ్ హఫ్ దీన్ని సంభావ్యతగా మార్చారు. ఒక మనిషి తప్పకుండా ఫలానా దుకాణానికే వెళతాడని చెప్పలేం, దుకాణం పరిమాణాన్నీ ప్రయాణానికి పట్టే సమయాన్నీ బట్టి వెళ్లే అవకాశం ఎంతో చెప్పవచ్చన్నారు. ఇందులో ముఖ్యమైన అంశం, దూరం ఎంత గట్టిగా అడ్డుపడుతుందన్నది సరుకును బట్టి మారుతుంది. రోజువారీ వస్తువు కోసం ఎవరూ దూరం వెళ్లరు. ఏళ్లకోసారి కొనే కంప్యూటర్ కోసం వెళతారు. అదే మనిషి చెడిపోయిన కంప్యూటర్ పట్టుకుని అంత దూరం వెళ్లడానికి ఇష్టపడడు. కొనడానికి దగ్గర వేరు, మరమ్మతుకు దగ్గర వేరు. ప్రకటనలో రెండింటికీ వేర్వేరు చిరునామాలు ఇవ్వడం ఉత్తమం.

కిలోమీటర్ల లెక్క మోసం కూడా చేస్తుంది. చాలా డీలర్ జాబితాలు రెండు బిందువుల మధ్య గీత గీసినట్టు నేరు దూరం లెక్కేస్తాయి. నదికి అవతల మూడు కిలోమీటర్ల దూరంలో ఒక డీలర్, ఇవతల ఆరు కిలోమీటర్ల దూరంలో మరొక డీలర్ ఉన్నారనుకుందాం. వంతెన పది కిలోమీటర్ల ఎగువన ఉంటే మొదటి డీలర్ దగ్గర కానే కాదు, కానీ జాబితాలో అతనే ముందుంటాడు. బస్సు మీద వచ్చేవారికి ఒక లెక్క, సొంత బండి ఉన్నవారికి ఇంకో లెక్క. సాయంత్రం ఏడు దాటాకే తీరిక దొరికే ఉద్యోగికి ఆరింటికి మూసే పక్కవీధి దుకాణం కంటే తొమ్మిదిదాకా తెరిచి ఉండే దూరపు దుకాణమే దగ్గర. అందువల్ల జాబితాలో ఒక్క పేరు చూపించి ఊరుకోకుండా మూడు నాలుగు చూపించి, ఒక్కొక్కదాని పక్కన వేళలు రాయడం మేలు. ఎంచుకునే తెలివి కొనేవారికి ఉంది, కావలసింది సమాచారమే.

కొనేవారు ఎక్కడున్నారో ప్రకటనకు తెలిసే మార్గాలు మూడు. వారే చెప్పవచ్చు, ఫోనులోని ఉపగ్రహ స్థాన సూచిక చెప్పవచ్చు, లేదా ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామాను బట్టి ఊహించవచ్చు. మూడోది చౌక, అందుకే ఎక్కువగా వాడతారు. అది ఎంత పెడదారి పట్టగలదో చెప్పడానికి అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక పొలానికి పట్టిన గతి చాలు. స్థానాలు సూచించే ఒక డేటాబేసు, దేశంలో ఎక్కడిదో తెలియని కనెక్షన్లన్నిటికీ దేశం నడిమధ్యకు దగ్గరగా ఉన్న ఒక బిందువును గుర్తుగా పెట్టింది. 60 కోట్లకు పైగా ఇంటర్నెట్ చిరునామాలు ఆ పొలం మీదికి వచ్చి పడ్డాయి. ఎక్కడో జరిగిన నేరాలకు అక్కడి ఇంటివారి మీద ఏళ్ల తరబడి ఆరోపణలు వచ్చాయి. సంగతి 2016లో బయటపడింది. డీలర్ ప్రకటనలో ఇదే ఊహ తప్పితే అంత ఘోరం జరగదు, కానీ ఒక ఊరి మనిషికి రెండు వందల కిలోమీటర్ల అవతలి దుకాణం ‘మీ దగ్గర’ అని కనిపిస్తుంది. అలాంటి ప్రకటన చూసినవారు మరోసారి ఆ మాటను నమ్మరు.

ఫోను స్థాన సూచిక ఖచ్చితమే, అయితే ఇవ్వాలా వద్దా అన్నది వాడేవారి హక్కు. 2020లో వచ్చిన ఐఓఎస్ 14 (ఐఫోను నడిపే సాఫ్ట్‌వేర్) నుంచి ఐఫోనులో ఖచ్చితమైన స్థానానికి బదులు ఉజ్జాయింపు స్థానం మాత్రమే ఇచ్చే వీలుంది. డీలర్‌ను చూపించడానికి ఆ ఉజ్జాయింపే చాలు, ఇంటి గుమ్మందాకా తెలియాల్సిన అవసరం ఏ దుకాణానికీ లేదు. అన్నిటికంటే మర్యాదైన మార్గం మొదటిదే: ‘మీరు ఏ ఊళ్లో ఉన్నారు?’ అని అడగడం. పిన్‌కోడ్ ఒక్కటే అడగకూడదు. ఊరి పేరు, పేట పేరు రాసినా అర్థం చేసుకోగలగాలి, జనం పలికే పేరు అధికారిక పేరుకు భిన్నంగా ఉన్నా గుర్తుపట్టాలి, వారి లిపిలో రాసినా దొరకాలి. అడగడానికి పట్టే ఆ రెండు క్షణాల ఆలస్యం వల్ల కొందరు వెళ్లిపోతారన్న భయంతో ప్రకటనకర్తలు ఊహనే నమ్ముకుంటారు. తప్పు చిరునామాకు వెళ్లి తిరిగొచ్చినవారి సంఖ్య ఎవరి నివేదికలోనూ కనిపించదు కాబట్టి ఆ లెక్క సరైనదేనన్న భ్రమ కలుగుతుంది.

ఇంటర్నెట్ ప్రకటనల్లో దుకాణం చుట్టూ వృత్తం గీసి, అందులో ఉన్నవారికే చూపించమనే సదుపాయం ఉంది. చిన్న డీలర్‌కు ఇది వరమే. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఒకే కంపెనీ యంత్రాలు అమ్మే నలుగురు డీలర్లు ఒకే నగరంలో వృత్తాలు గీసుకుంటే, అవి ఒకదానిమీదొకటి పడతాయి. ప్రకటన స్థలం వేలం పద్ధతిలో అమ్ముడవుతుంది కాబట్టి నలుగురూ ఒకే కొనుగోలుదారు కోసం ఒకరిమీదొకరు పాట పెంచుకుంటారు. ఆ ఖర్చులో కొంత కంపెనీయే భరిస్తోందంటే, కంపెనీ తనమీద తానే పోటీకి పాడుతోందన్నమాట. ప్రాంతాలు పంచుకోవడమో, కంపెనీయే ఒక ప్రకటన ఇచ్చి నలుగురి చిరునామాలూ అందులో చూపించడమో దీనికి విరుగుడు.

జాబితా అనే మాట ఇవ్వడం

ఎన్ని సాధనాలు వచ్చినా అన్నిటికీ ఆధారం డీలర్ జాబితాయే. అది తప్పైతే దాని మీద కట్టిన ప్రకటన ఎంత అందంగా ఉన్నా వృథా. జాబితాలో ఉన్న దుకాణం ఆరు నెలల క్రితమే మూతపడి ఉండవచ్చు. వేరే వీధికి మారి ఉండవచ్చు. అధీకృత డీలర్ హోదా రద్దయినా పేరు మిగిలి ఉండవచ్చు. ఫోను నంబర్ ఒక చోట పాతది, ఇంకో చోట కొత్తది ఉండవచ్చు. దుకాణం పేరు బోర్డు మీద ఒకలా, బిల్లు మీద ఇంకోలా, మ్యాపులో మరోలా ఉంటే సెర్చ్ యంత్రాలు దాన్ని మూడు దుకాణాలుగా లెక్కేసే ప్రమాదమూ ఉంది. చిరునామా అచ్చువేయడం అంటే మాట ఇవ్వడమే. వారాంతపు సెలవును పిల్లలతో సహా వదులుకుని వెళ్లిన కుటుంబానికి అక్కడ తాళం కనిపిస్తే, వారి కోపం దుకాణం మీద ఆగదు, యంత్రం పేరుదాకా పోతుంది.

దీనికి గొప్ప సాంకేతికత ఏమీ అక్కరలేదు. మూడు నెలలకోసారి ప్రతి డీలర్‌కు ఫోను చేసి అయిదు ప్రశ్నలు అడిగే ఒక మనిషి చాలు. తన వివరాలు తానే దిద్దుకునే వీలు డీలర్‌కు ఇవ్వాలి. జాబితాలో ప్రతి పేరు పక్కన చివరిసారి సరిచూసిన తేదీ వెయ్యాలి. ఈ పని ఎవరి ఉద్యోగంలోనూ భాగం కాకపోవడమే అసలు జబ్బు. ప్రకటన తయారుచేసే విభాగానికి బడ్జెట్ ఉంటుంది, జాబితా చూసేవారికి ఉండదు. టీవీలో అరనిమిషం ప్రకటన ఒక్కసారి తగ్గించి ఆ డబ్బు జాబితా మీద పెడితే ఎక్కువ మంది దుకాణం తలుపు తడతారని నమ్మడానికి అన్ని కారణాలూ ఉన్నాయి.

సరుకు ఉందా లేదా అన్నది ఇంకో మెట్టు. కంప్యూటర్లలో ఒకే మోడల్ పేరు మీద మెమరీ, స్టోరేజీ, రంగు, తెర పరిమాణం తేడాలతో పది రకాలుంటాయి. ప్రకటనలో చూసిన రకం కోసం వెళితే ‘అది లేదు, ఇది తీసుకోండి’ అన్న మాట వినిపిస్తుంది. దగ్గరి దుకాణంలో స్టాకు ఉందో లేదో ప్రకటనలోనే చూపించే ఏర్పాటును గూగుల్ 2013 నుంచి అందిస్తోంది. దుకాణం లెక్కల పుస్తకం ఏ రోజుకారోజు ఆ వ్యవస్థకు చేరితేనే అది పనికొస్తుంది. అది కుదరని చిన్న డీలర్ ‘బయలుదేరే ముందు ఫోను చేయండి, మీకోసం పక్కన పెడతాం’ అని రాసుకుంటే అదీ నిజాయతీ గల సమాధానమే. లేని సరుకును ఎరవేసి రప్పించి వేరేది అంటగట్టడాన్ని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మోసపూరిత పద్ధతిగా పరిగణిస్తుంది.

డబ్బు దగ్గరికి వస్తే, తయారీదారు, డీలర్ కలిసి భరించే ఉమ్మడి ప్రకటన పద్ధతి పాతదే. డీలర్ కొన్న సరుకు విలువలో కొంత శాతం అతని పేరు మీద ప్రకటన నిధిగా జమవుతుంది. అతను ప్రకటన ఇచ్చి, రుజువు చూపిస్తే ఖర్చులో సగమో, మరికొంతో తిరిగొస్తుంది. మొదట చెప్పుకున్న ‘ఇద్దరికీ చెందిన వాక్యం’ సమస్యకు ఇదే సూటి పరిష్కారం. అమెరికాలో 1936 నాటి రాబిన్సన్-ప్యాట్‌మన్ చట్టం ఇలాంటి సాయాన్ని పోటీలో ఉన్న డీలర్లందరికీ దామాషా ప్రకారం అందుబాటులో ఉంచాలని చెబుతుంది, పెద్ద దుకాణాలకే దోచిపెట్టడానికి వీల్లేకుండా. ఆచరణలో చిక్కంతా నిబంధనల్లో ఉంది. కంపెనీ గుర్తు ఎంత పెద్దగా ఉండాలి, యంత్రం బొమ్మ ఏ కోణంలో ఉండాలి అని పేజీలకు పేజీలు రాస్తారు. డీలర్ చిరునామా కనీసం ఎంత పెద్దగా ఉండాలన్న నిబంధన పెట్టేవారు అరుదు. ఆ ఒక్క వాక్యం చేరిస్తే చాలు, ప్రకటన స్వరూపమే మారిపోతుంది. పైగా రుజువు కాగితాల బెడదకు జడిసి చిన్న డీలర్లు ఆ నిధి అడగడమే మానేస్తారు.

డీలర్ల భయం ఒకటి ఇక్కడ గుర్తుచేసుకోవాలి. లెస్టర్ టెల్సర్ 1960లో వివరించిన సమస్య ఇది: ఒక దుకాణం ఓపిగ్గా యంత్రాన్ని చూపించి, సందేహాలు తీర్చి పంపుతుంది. కొనేవారు ఆ జ్ఞానంతో వెళ్లి తక్కువ ధరకు వేరేచోట కొంటారు. చూపించినవారికి ఖర్చు, అమ్మినవారికి లాభం. ఇలా రెండుసార్లు జరిగితే మొదటి దుకాణం చూపించడమే మానేస్తుంది. కాబట్టి ప్రకటన మనుషులను దుకాణానికి పంపినంత మాత్రాన సరిపోదు, చూపించే శ్రమకు డీలర్‌కు ప్రతిఫలం అందాలి. ప్రదర్శనకు పెట్టే యంత్రాన్ని కంపెనీయే ఇవ్వడం, ప్రకటన చూసి వచ్చి ఆన్‌లైన్‌లో కొన్నవారి విషయంలోనూ దగ్గరి డీలర్‌కు కొంత వాటా ఇవ్వడం, వారంటీ మరమ్మతుకు న్యాయమైన కూలి చెల్లించడం ఇందుకు మార్గాలు.

ఫలితం కొలవడం గురించి రెండు మాటలు చాలు. ప్రతి ప్రకటనకు వేరే ఫోను నంబర్ ఇవ్వవచ్చు, కూపన్ కోడ్ ఇవ్వవచ్చు. ప్రకటన చూసినవారిలో ఎందరు దుకాణానికి వచ్చారో ఫోను స్థానాలను బట్టి అంచనా వేసే సేవలూ ఉన్నాయి. ఎలాగూ వచ్చేవారిని కూడా ఇవి తమ ఖాతాలో వేసుకుంటాయి. కొన్ని ఊళ్లలో ప్రకటన ఇచ్చి, అలాంటివే మరికొన్ని ఊళ్లలో ఇవ్వకుండా ఆపి, తేడా చూడటమే నమ్మదగిన పద్ధతి. ఒకే దుకాణం ఉన్నవారికి కౌంటర్ దగ్గర ఒక నోటుపుస్తకం, ‘మా గురించి ఎలా తెలిసింది?’ అన్న ప్రశ్న చాలు.

చిన్న డీలర్ సొంతంగా ఇచ్చుకునే ప్రకటనల్లో సాధారణంగా కనిపించే లోపం భాషది. ‘సమగ్ర కంప్యూటింగ్ పరిష్కారాలు’ అని బోర్డు రాయిస్తారు. వెతికేవారు మాత్రం ‘ల్యాప్‌టాప్ రిపేరు’, ‘పాత కంప్యూటర్ కొంటారా’, ‘పిల్లల చదువుకు ఏ కంప్యూటర్ మంచిది’ అని వెతుకుతారు. నోటుపుస్తకంలో ఆ మాటలు కూడా రాసి పెట్టుకుంటే, తర్వాతి ప్రకటనకు వాక్యాలు అందులోనే దొరుకుతాయి. చిరునామా రాసేటప్పుడు ఇంటి నంబర్‌తో పాటు ఏ మలుపు, ఏ అంతస్తు, ఏ బోర్డు పక్కన, మెట్లా లిఫ్టా, బండి ఎక్కడ పెట్టుకోవాలి అన్నవి చెప్పాలి. డెస్క్‌టాప్ మోసుకొచ్చే మనిషికి ఇవన్నీ అవసరమైన వివరాలే. ఏయే కంపెనీల యంత్రాలు బాగుచేస్తారో, వారంటీ ఉన్నవి తీసుకుంటారో లేదో కూడా అక్కడే ఉండాలి.

ఇంకొక ప్రకటన ఉంది, దాన్ని ప్రకటనగా ఎవరూ లెక్కించరు. యంత్రం అమ్మేటప్పుడు దాని అడుగునో వెనుకనో అతికించే చిన్న స్టిక్కర్: దుకాణం పేరు, ఫోను నంబర్, కొన్న తేదీ. కంప్యూటర్ ఆగిపోయిన రోజున ఆ కంప్యూటర్‌లో వెతకడం కుదరదు, బిల్లు ఎక్కడ పెట్టారో గుర్తుండదు. యంత్రం తిరగేస్తే నంబర్ అక్కడే ఉంటుంది. ఆ నంబర్ మారకుండా నిలబెట్టుకోవడం, మారితే పాతదానికి వచ్చే పిలుపులు కొత్తదానికి మళ్లేలా చూసుకోవడం డీలర్ చేతిలో పని.